ఎడమ పక్క డబ్బా

ఆ తీగ పీకింది నేనే. ఒకసారి కాదు, రెండుసార్లు. బాపుకు ఈ సంగతి ఒకసారి చెప్పాను, ఆయన వినలేదు. మళ్లీ చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు చెవి మెలిపెట్టేవాళ్లు ఎవరూ లేరు కనుక నిమ్మళంగా రాస్తున్నాను. అప్పటికి నాకు పదహారు నిండలేదు గానీ కోపం మాత్రం ఇంట్లో అందరికన్నా నాకే ఎక్కువ. అలిగానంటే రెండు పూటలు అన్నం మానేసేదాన్ని. మూడో పూటకు అమ్మ పట్టించుకోకుండా గిన్నెలు కడిగేస్తుందేమోనని నా అంతట నేనే పోయి కూర్చునేదాన్ని, అది వేరే సంగతి.

మాది పాతబస్తీలో గౌలిపుర. తాత నాటికి మా ఇంటి వెనక కొట్టం నిండా బర్రెలుండేవట. నాకు తెలివి వచ్చేసరికి మూడు మిగిలాయి, వాటి చాకిరీ అంతా అమ్మదే. బాపు పాల జోలికి పోకుండా సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు గల్లీ మూల మీద ఎక్కించుకునేది, సాయంత్రం అదే మూల మీద దింపేది. వచ్చి కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. నేను చెప్పేదంతా ఆ కుర్చీ చుట్టూ జరిగిందే.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటికి టేపురికార్డరు వచ్చింది. బాపుతో పనిచేసే ఒకాయన తమ్ముడు దుబాయి నుంచి రెండు తెచ్చుకుని ఒకటి మాకమ్మాడు. గల్లీలో అప్పటికే నాలుగైదు టేపులున్నాయి గానీ వాటికి ఒక్కటే స్పీకరు. మాది స్టీరియో. మధ్యలో సెట్టు, అటొకటి ఇటొకటి డబ్బా. మా ఇంట్లో స్పీకర్లని ఎవరూ అనేవాళ్లు కాదు, డబ్బాలే. కొక్కెం వత్తితే ఆ డబ్బాలు సెట్టు నుంచి ఊడి వచ్చేవి. ఒక్కోదానికి గజమున్నర తీగ, తీగ చివర పిన్ను. సెట్టు వెనక రెండు బెజ్జాలు, ఒకదాని మీద ఎల్ అని, ఇంకోదాని మీద ఆర్ అని రాసి ఉండేది. ముందువైపు వరసగా మీటలు. పైన మూడు గుండీలు. ఒకటి ఆవాజ్ పెంచేది, ఒకటి గొంతును లావూ సన్నం చేసేది, మూడోది బ్యాలెన్సు. ఆ మూడోదాన్ని ఎడమకు తిప్పితే ఆవాజ్ ఎడమ డబ్బాలోకి పోయేది, కుడికి తిప్పితే కుడి డబ్బాలోకి.

బాపు ఫిట్టరు కదా, ఏ పనైనా కొలత లేకుండా చేయడు. సెట్టుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నా స్కూలు డిక్షనరీ దగ్గర పెట్టుకుని వారం రోజులు చదివాడు. వినేవాళ్లు రెండు డబ్బాలకు సరిగ్గా మధ్యన కూర్చోవాలని అందులో రాసి ఉందట. ఇంకేముంది, ఫ్యాక్టరీ నుంచి కొలిచే టేపు తెచ్చాడు. గోడవారగా బల్ల, బల్ల మీద సెట్టు, దానికి ఎదురుగా కుర్చీ, కుర్చీకి రెండు పక్కలా మూరెడు దూరంలో రెండు స్టూళ్లు, వాటి మీద డబ్బాలు. అంతటితో ఊరుకోలేదు. కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ గచ్చు మీద తెల్లరంగుతో గీతలు గీశాడు. అమ్మ ఊడుస్తూ కుర్చీని వేలెడంత జరిపినా కూర్చోగానే తెలిసిపోయేది ఆయనకు. "గీతలు తప్పినయి" అని లేచి సర్దుకునేవాడు.

దసరాకు ఇంట్లో కత్తిపీటకూ, రోలుకూ, సైకిలుకూ పెట్టినట్టే అమ్మ టేపు మీటలకు కూడా ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. రికార్డు మీటను మాత్రం వదిలేసింది. ఎందుకంటే దాని మీద ముందే ఎర్రచుక్క ఉంది. దీనికి కంపెనీవాళ్లే బొట్టు పెట్టి పంపిండ్రని మురిసిపోయింది. బాపు ఎంత నవ్వాడో! మరునాడు దూదీ స్పిరిటూ పట్టుకుని కూర్చుని మీటల సందుల్లోంచి కుంకుమ తీయడానికి పూట పట్టింది, అప్పుడు మాత్రం నవ్వలేదు.

సెట్టు మీద బాపుకు మొదటి రోజు నుంచీ ఒకటే ఫిర్యాదు. ఎడమ పక్క డబ్బా కమజోరు, దాంట్లో ఆవాజ్ తక్కువ అని. బ్యాలెన్సు గుండీని ఎప్పుడూ కొంచెం ఎడమకు తిప్పి పెట్టేవాడు. మాకేమో ఆ డబ్బా చెవుల్లో మోగేది. ఆయనకు అట్లా ఇష్టమేమో అనుకున్నాం. చార్మినార్ దగ్గరి క్యాసెట్ల దుకాణానికి పాటల పట్టీ రాసి ఇస్తే నింపి ఇచ్చేవాళ్లు. అలా నింపించుకున్న క్యాసెట్టులో మొదటి పాట అంటే బాపుకు ప్రాణం. అందులో గాయకుడు గాలి పీల్చుకునే చోటల్లా వెనకనుంచి సన్నగా మువ్వలు మోగేవి. అవి ఎడమ డబ్బాలోంచే వచ్చేవి. నాకు పాటకన్నా ఆ మువ్వలే ఇష్టం.

ఆ ఎడమ డబ్బా పక్కనే అమ్మ పీట. పెళ్లినాడు మా అమ్మమ్మ చెప్పి పంపిందట, పెళ్లాం మొగుడికి ఎడమ పక్కనే కూర్చోవాలని. పీటల మీద కూర్చున్నప్పటి మాట అది. మా అమ్మ దాన్ని జీవితమంతటికీ పట్టుకుంది. రిక్షాలో ఎడమ పక్క, సినిమా హాలులో ఎడమ పక్క, పడుకున్నా ఎడమ పక్కే. సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరాలన్నా, ఆకుకూర తెంపాలన్నా చేట పట్టుకొచ్చి కుర్చీకి ఎడమ పక్కన కూర్చునేది. ఇంట్లో ఉప్పూ పప్పూ గురించి వంటింట్లోంచే గట్టిగా చెప్పేది. మనసులో ఉన్న మాటలు, అడగాల్సిన పెద్ద సంగతులు మాత్రం ఆ పీట మీద కూర్చుని, చేటలోకి చూస్తూ, నెమ్మదిగా. అత్త ఉన్న ఇంట్లో మొగుడితో గొంతు పైకి రాకుండా మాట్లాడటం నేర్చిన మనిషి, అత్త పోయాక కూడా ఆ గొంతు మారలేదు. పేరు పెట్టి పిలవదు కదా, "ఇంటున్నవా" అనేది, వింటున్నావా అని. అదే ఆయన పేరు.

బాపు జవాబు చెప్పేది తలతో. పాట వింటూ కళ్లు మూసుకుని తల పైకీ కిందికీ ఊపితే అవునన్నట్టు. అడ్డంగా ఊపితే వద్దన్నట్టు. ఊరికే ఉంటే నీ ఇష్టమన్నట్టు. అమ్మ అలా అర్థం చేసుకుంది, మేమూ అలానే అనుకున్నాం.

టేపు వచ్చిన కొన్నాళ్లకే బర్రె లొల్లి జరిగింది. ముసలి బర్రె ఒట్టిపోయింది, అమ్మేద్దామా అని అమ్మ ఆ పీట మీదనే అడిగింది. బాపు తల చక్కగా పైకీ కిందికీ ఊపాడు, నేను కళ్లారా చూశాను. వారంలో బేరం కుదిరింది, కొన్నవాళ్లు వచ్చి తోలుకుపోయారు. సాయంత్రం బాపు వచ్చి కొట్టంలోకి చూసి, ఎవరినడిగి అమ్మినవని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ బర్రె నానమ్మ పెంచింది. నిన్నే అడిగిన గదా అని అమ్మ, నన్నెప్పుడడిగినవని బాపు. ఇద్దరూ మూడు రోజులు మాట్లాడుకోలేదు. బాపు మాట మీద నిలబడే మనిషి కాదని నేను ఆనాడే తీర్మానం చేసుకున్నాను.

నేను పదో తరగతిలో ఉన్న చలికాలంలో మా అమ్మమ్మ పోయింది. దినాలయ్యాక అమ్మ ఊరినుంచి వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. చేట లేదు, ఆకుకూర లేదు. ఒట్టి చేతులతో పోయి పీట మీద కూర్చుంది. బాపు పాట వింటున్నాడు. అమ్మ చాలాసేపు ఏదో చెప్పింది, అంత సేపు ఆమె మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. బాపు కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూనే ఉన్నాడు. అమ్మ చెప్పడం ఆపి ఆయన వేలివైపు చూసింది. లేచి లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనతో అవసరమున్న మాట తప్ప మాట్లాడేది కాదు. బాపు మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే అసహ్యం కూడా కలిగింది.

ఎండాకాలంలో నా పదో తరగతి పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఫస్టు క్లాసు. మా గల్లీ ఆడపిల్లల్లో అప్పటికి ఎవరికీ రాలేదు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చేరాలని నా ఆశ. ఫారం తెచ్చుకుని పెట్టుకున్నాను, తండ్రి సంతకం చేయాల్సిన చోటు ఒక్కటే ఖాళీ. ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆడపిల్ల పోయి తండ్రిని నేరుగా అడిగేది కాదు, తల్లితో అడిగించేది. అమ్మ ఆ సాయంత్రం పీట మీద కూర్చుని, "ఇంటున్నవా" అని మొదలుపెట్టి, బిడ్డను కాలేజీకి పంపుదామా అని అడిగింది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. టేపులో బాపుకు ప్రాణమైన ఆ పాట వస్తోంది. బాపు కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, అటూ ఇటూ, అటూ ఇటూ, వద్దంటే వద్దన్నట్టు.

అమ్మ లోపలికి వచ్చి నా మొహం చూడకుండా చెప్పింది. "వద్దన్నడు బిడ్డా. ఇంటి మనిషి వద్దన్నంక మనమేం జేస్తం."

ఫారం ఇవ్వడానికి ఆఖరు రోజు పది రోజుల్లో ఉంది. నేను మళ్లీ అడగమని అమ్మ కాళ్లా వేళ్లా పడ్డాను. అమ్మ ఒప్పుకోలేదు. బర్రె లొల్లి తర్వాత ఆమెకూ రోషం పెరిగింది. నేనే పోయి అడగొచ్చు కదా అంటారేమో. అంత చులకనగా తల ఊపిన మనిషిని పోయి అడుగుతానా? చచ్చినా అడగననుకున్నాను. బాపు ఎదురొస్తే పక్కకు తప్పుకున్నాను, చాయ్ గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాను. ఆయన ఒకటి రెండుసార్లు నావైపు చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఒకరోజు ఆయన డ్యూటీకి పోయాక సెట్టు వెనక చేయి పెట్టి ఎల్ అని రాసి ఉన్న బెజ్జంలోంచి పిన్ను పీకేశాను. బెజ్జం మీద ఆనినట్టే ఉంచాను, చూస్తే తెలియదు. నా చదువు సగంలో ఆగిపోయింది కదా, ఆయన పాట కూడా సగమే రావాలని. సాయంత్రం తలుపు వెనక నిలబడ్డాను. బాపు మీట నొక్కాడు, కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు. తల ఊపుతున్నాడు. ఎడమ డబ్బా మూగగా ఉంది, మువ్వలు లేవు, ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పాట సన్నగ వస్తుందేందని అమ్మే నన్నడిగింది. మూడు రోజులు అలాగే గడిచాయి. నా కోపం ఎటూ కాకుండా పోయింది. కొలత లేకుండా కుర్చీ వేసుకోని మనిషి ఇంత పెద్ద డబ్బా ఆగిపోతే ఎట్లా పట్టుకోలేదో నాకు అంతు చిక్కలేదు.

నాలుగో రోజు ఎడమ పిన్ను పెట్టేసి కుడిది పీకి, దాన్నీ అట్లాగే ఆనించి ఉంచాను. ఆ సాయంత్రం బాపు కూర్చున్న నిమిషానికే లేచాడు. సెట్టుకేమో అయింది, పాట ఎక్కడో పక్క గల్లీలో వస్తున్నట్టుంది అన్నాడు. ఎడమ డబ్బా మూరెడు దూరంలో బ్రహ్మాండంగా పాడుతోంది. ఆయన ఆవాజ్ గుండీ తిప్పాడు, ఇంకా తిప్పాడు. అమ్మ చేట కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది. కొట్టంలో బర్రెలు లేచి నిలబడ్డాయి. ఎదురింటామె బయటికి వచ్చి ఏమైందని అడిగింది. బాపు మాత్రం సెట్టు మీద వంగి, "ఇంకా వస్తలేదు" అంటున్నాడు.

అప్పుడు మొదటిసారి నాకు కోపం బదులు భయం వేసింది, పిన్ను మళ్లీ పెట్టేసే ధైర్యం కూడా రాలేదు. సెట్టు చెడిపోయిందనుకుని ఆయన ఆదివారం మెకానిక్ దగ్గరికి తీసుకుపోతానన్నాడు. డబ్బాలు పట్టుకోవడానికి నన్ను రమ్మన్నాడు. రిక్షాలో ఆయన ఒళ్లో సెట్టు, నా ఒళ్లో డబ్బాలు. నేను ఎడమ పక్కన కూర్చున్నాను. దారిలో దిగులు ఆపుకోలేక, డబ్బాల మీద తల పెట్టి, బాపూ ఆ తీగ పీకింది నేనే, నన్ను కాలేజీకి పంపనందుకే పీకిన అని ఏడుపు గొంతుతో చెప్పేశాను. బాపు రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు. అంత మాట చెబితే కూడా పలకని మనిషిని ఏమనాలి? క్షమించాడా, ఇంటికి పోయాక తంతాడా, నాకు తెలియలేదు.

మెకానిక్ దుకాణం చార్మినార్ వెనక సందులో ఉండేది, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత. ఆ భాయ్ సెట్టు వెనక చూశాడు, ఊడిన పిన్ను చూశాడు, నావైపు చూశాడు. పిన్ను పెట్టేసి పాట పెట్టాడు. సెట్టు బరాబర్ ఉందన్నాడు. బాపు ఒప్పుకోలేదు. ఇవాళ్టి సంగతి కాదు, కొన్ననాటి నుంచీ ఎడమ డబ్బా కమజోరే, విప్పి చూడమన్నాడు. భాయ్ విప్పాడు, చూశాడు, మూశాడు. తర్వాత గోడకు తగిలించిన హెడ్‌ఫోను తీసి పిన్ను సెట్టులో గుచ్చి బాపు తలకు పెట్టాడు.

ఎడమ పక్క వస్తలేదన్నాడు బాపు. భాయ్ హెడ్‌ఫోను తీసి, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ తిప్పి పెట్టాడు. ఇప్పుడు కూడా ఎడమ పక్కనే వస్తలేదన్నాడు బాపు. నా తలకు పెట్టాడు. నాకు రెండు చెవుల్లోనూ నిండుగా వచ్చింది, మువ్వలతో సహా.

భాయ్ తన చేతి గడియారం విప్పి, మాటల్లో పడేస్తూ, బాపు ఎడమ చెవి దగ్గర పెట్టి నడుస్తుందా అని అడిగాడు. బందయినట్టుందన్నాడు బాపు. దాన్నే కుడి చెవికి పెట్టాడు. బాపు అలాగే కూర్చున్నాడు, గడియారం చెవికి ఆనించుకుని.

"అన్నా, సెట్టుల ఏం లేదు," అన్నాడు భాయ్ మెల్లగా, కుడి పక్కకు వంగి. "ఒక్కసారి చెవుల డాక్టరుకు చూపెట్టు. ఫికర్ జేయకు."

ఆ తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరు, చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయట. అప్పుడే పోయి ఉంటుందన్నాడు. ఒక చెవి ఊరికే ఉంటే రెండోది దాని పని కూడా చేసుకుంటూ పోతుందట, మనిషికే తెలియకపోవచ్చట. అది తర్వాతి మాట. ఆ రోజు దుకాణంలో భాయ్ ఇంకో పని చేశాడు. సెట్టు వెనక గోరంత మీట ఒకటుండేది, మోనో అని రాసి ఉండేది. పాత రకం పాటలకని పుస్తకంలో చదివి బాపు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. భాయ్ దాన్ని పక్కకు జరిపి మళ్లీ హెడ్‌ఫోను బాపుకు పెట్టాడు. రెండు పక్కల పాటా కలిసి ఒక్క చెవిలోకే వస్తుందని చెప్పాడు.

బాపు కళ్లు మూసుకోలేదు. నావైపు తిరిగాడు.

"గీ పాటల మువ్వలున్నయా?"

"మొదటిసందే ఉన్నయి బాపూ," అన్నాను.

తిరుగు రిక్షాలో నేను పట్టుబట్టి కుడి పక్కన కూర్చున్నాను. ఎడమ పక్కన అమ్మ పీట, మూసిన కళ్లు, అటూ ఇటూ ఊగే తల, ఒక్కొక్కటీ నా కళ్ల ముందుకు వస్తున్నాయి. మువ్వలు తెలియని మనిషికి అమ్మ గొంతు ఏం తెలుస్తుంది? ఇక ఆగలేక అడిగేశాను.

"బాపూ, నన్ను కాలేజీకి పంపుదామా అని అమ్మ అడిగితే వద్దన్నవ్ గదా?"

"ఎప్పుడడిగింది?" అన్నాడు బాపు.

నేను చెప్పాను. ఆ సాయంత్రం, ఆ పాట, అడ్డంగా ఊపిన తల. బాపు రిక్షాలో ముందుకు వంగి మొహం సెట్టు మీద పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. పాట మంచిగుందని ఊపిన గదనే, అన్నాడు చివరికి. నాకే చదువు మీద మనసు లేదేమో, తల్లీబిడ్డలు మాట్లాడుకుని మానేశారేమో, తనకొక మాటైనా చెప్పలేదని ఆయన ఇన్ని రోజులూ లోలోపల బాధపడుతున్నాడట. నేను చాయ్ గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టినప్పుడల్లా అదే అడగబోయాడట.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పీట మీద కూర్చుని మెంతికూర తెంపుతోంది. బాపు సెట్టును బల్ల మీద పెట్టి, డబ్బాలు స్టూళ్ల మీద పెట్టి, పిన్నులు గుచ్చాడు. వెనక చేయి పెట్టి మోనో మీట సరిచూసుకున్నాడు. పాట పెట్టాడు. తర్వాత కుర్చీని రెండు చేతులా ఎత్తి, సెట్టుకు వీపు వచ్చేలా వెనక్కి తిప్పి వేశాడు. వేసి కూర్చున్నాడు. అమ్మ ఉన్న చోటే ఉంది, ఇప్పుడు ఆయనకు కుడి పక్కన.

అమ్మ మొదట గచ్చువైపు చూసింది. "గీతలు తప్పినయి," అంది.

"తప్పనీ."

"నేను గిట్ల కుడి పక్కకయితనేంది," అని చేట పట్టుకుని లేవబోయింది.

"నువ్వు కదలకు," అన్నాడు బాపు. "నువ్వు నీ జాగలనే ఉన్నవ్. తిరిగింది నేను." ఎడమ చెవి పనిచేయడం లేదని, ఎన్నటినుంచో తనకే ఎరుక లేదని, మెకానిక్ గడియారం పెట్టి చూశాడని, ఫ్యాక్టరీలో పనిముట్టు విరిగిందని చెప్పినట్టు చెప్పాడు. అమ్మ నమ్మలేదు. మస్కిరీ చేస్తున్నాడనుకుని నావైపు చూసింది. నిజమేనని తల ఊపాను.

"బిడ్డ సదువు గురించి ఏందో అడిగినవంట. మల్ల అడుగు."

అమ్మ చేటలోకి చూస్తూ, ఎప్పటిలాగే నెమ్మదిగా, "ఇంటున్నవా" అని మొదలుపెట్టింది. మొత్తం అడిగింది. బాపు తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టగానే అమ్మ చేయి అడ్డం పెట్టింది.

"తల ఊపకు. నోటితోని చెప్పు."

"సదువుకోనీ," అన్నాడు బాపు. "ఎంత దాంక సదువుతదో గంత దాంక సదువుకోనీ." నేను లోపలికి ఉరికి ఫారం తెచ్చాను. ఆయన దాన్ని తొడ మీద పెట్టుకుని, కొలిచినట్టు గీత మీద సరిగ్గా సంతకం చేశాడు. ఆఖరు తేదీకి ఇంకా మూడు రోజులున్నాయి. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా గట్టిగానే ఏడ్చాను.

అమ్మ మాత్రం మురిసిపోలేదు. మెంతికాడ చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయింది. గట్లయితే బర్రె సంగతి కూడా ఇనలేదా అంది. లేదన్నాడు బాపు. అమ్మ మెంతికాడను చేటలో వేసింది.

"మా అమ్మ పోయి నేనొచ్చిన దినం, గీడ్నే కూసోని చెప్పిన. అదిన్నవా?"

బాపు ఆమెవైపు చూశాడు. ఆమె మొహం చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఏం జెప్పినవ్?"

అమ్మ చేట పక్కన పెట్టింది. పీట మీద నుంచి కొంచెం లేచి, ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, చెప్పడం మొదలుపెట్టింది. వెనకనుంచి పాట వస్తోంది, రెండు డబ్బాల్లోనూ మువ్వలు మోగుతున్నాయి. నాకు ఆమె మాటలు ఒక్కటీ వినపడలేదు. బాపు చేయి ఎత్తి ఆమెను ఆపాడు. కుర్చీలోంచి లేచి, పోయి టేపు బంద్ చేసి, వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"ఇగ చెప్పు," అన్నాడు. "మొదటిసంది చెప్పు."